సైడ్‌కార్ తగిలించిన బండికి వెనక షాక్‌లో గాలి ఎంత పెట్టాలి?

ప్రశ్న: నాది పాత టూరింగ్ బండి. వెనక షాక్ అబ్జార్బర్లకి గాలి కొట్టుకునే సిస్టమ్ ఉంది, బండిలోనే చిన్న కంప్రెసర్ కూడా వచ్చింది. ఈమధ్యే సైడ్‌కార్ (బండి పక్కన తగిలించే, సొంత చక్రం ఉన్న తొట్టి) తగిలించాను. ఫిట్ చేసినాయన నన్నొక్కడినే కూర్చోబెట్టి అలైన్‌మెంట్ సెట్ చేశాడు, ఒక్కడినే వెళ్తే బండి బంగారం. మా ఆవిడ సైడ్‌కార్‌లో, మా అబ్బాయి నా వెనక, పెట్టెల నిండా సామాను వేసుకుని బయల్దేరితే మాత్రం గుంత వచ్చినప్పుడల్లా వెనక ధన్‌మని కొడుతోంది, బండి సైడ్‌కార్‌కి అవతలి వైపు లాగుతోంది. మాన్యువల్‌లో రాసిన మాక్సిమం దాకా గాలి కొట్టాను, కొట్టుడు ఆగింది. కానీ అదే గాలితో ఒక్కడినే వెళ్తే ఇప్పుడు సైడ్‌కార్ వైపు లాగుతోంది, వెనక చక్రం ఎగిరెగిరి పడుతోంది, సైడ్‌కార్ ఉన్న వైపు మలుపు తిప్పితే దాని చక్రం తేలిపోతున్నట్టు ఉంది. పైగా పొద్దున చూసిన రీడింగ్ సాయంత్రానికి పెరుగుతోంది, మర్నాడు పొద్దున మళ్ళీ తగ్గుతోంది, లీకేజీ ఏమోనని భయంగా ఉంది. అసలు ఎన్ని పీఎస్ఐ పెట్టాలి? రెండు షాక్‌లకి వేర్వేరు ప్రెషర్ పెడితే మంచిదని ఒకతను చెప్పాడు, నిజమేనా?

సమాధానం: ముందే చెప్పేస్తున్నా, మీకు ఇన్ని పీఎస్ఐ పెట్టండి అని ఒక నంబర్ నేను చెప్పను, చెప్పినవాళ్ళని నమ్మకండి కూడా. ఎందుకంటే సైడ్‌కార్ బండికి మనం చూసుకోవాల్సింది గేజ్ మీద అంకె కాదు, బండి వెనక భాగం నేల నుంచి ఎంత ఎత్తులో నిలబడింది అన్నది. ఆ ఎత్తు ఎప్పుడూ ఒకేచోట ఉండేలా బరువుని బట్టి గాలి పెంచడం, తగ్గించడం, అంతే పని. ఎత్తు కుదిరిందా, అప్పుడు గేజ్ 20 చూపిస్తే మీ నంబర్ 20, 35 చూపిస్తే 35. అది రాసి పెట్టుకోండి. పక్కోడి బండికి అది పనికిరాదు, మీది ఆయనకి పనికిరాదు, ఇద్దరివీ ఒకే మోడల్ అయినా సరే.

ఎత్తు గురించి ఇంత పట్టుబట్టడానికి ఒక చిన్న లెక్క ఉంది. మామూలు బండికి వెనక ఒక అంగుళం కుంగితే కొంచెం హెడ్‌లైట్ పైకి చూస్తుంది, హ్యాండిల్ కొద్దిగా బద్ధకంగా తిరుగుతుంది, అంతకు మించి పెద్ద గొడవ లేదు. సైడ్‌కార్ తగిలించాక అది మూడు కాళ్ళ మీద నిలబడ్డ ఒకే చట్రం అయిపోయింది, బండి ఇక అటూ ఇటూ వాలే వీల్లేదు, ఏ కాలు కుంగితే మొత్తం చట్రం అటు ఒరుగుతుంది. బండి చక్రాల లైన్ నుంచి సైడ్‌కార్ చక్రం 1200 ఎంఎం దూరంలో ఉందనుకోండి, బండి ముందు వెనక చక్రాల మధ్య 1700 ఎంఎం, సైడ్‌కార్ చక్రం వెనక చక్రం కంటే ఒక 250 ఎంఎం ముందుకి. దాదాపు పెద్ద టూరింగ్ బండ్లకి ఇలాంటి కొలతలే ఉంటాయి. ఈ కొలతలతో వెనక షాక్ దగ్గర బండి 25 ఎంఎం కుంగితే బండి సైడ్‌కార్‌కి అవతలి వైపుకి ఇంచుమించు 1 డిగ్రీ ఒరుగుతుంది. ఒక డిగ్రీయే కదా అనిపిస్తుంది, కానీ అలైన్‌మెంట్ చేసేటప్పుడు బండిని బయటికి వాల్చి పెట్టేదే మామూలుగా 1 నుంచి 2 డిగ్రీలు. అంటే మీ ఫిట్టరు కష్టపడి సెట్ చేసినంత వాలు మీ అబ్బాయి ఎక్కి కూర్చోగానే ఇంకోసారి కలిసిపోతోంది!

ఇప్పుడు మీ ఉత్తరం మళ్ళీ చదివితే అన్నీ అర్థమైపోతాయి. బండి బయటికి, అంటే సైడ్‌కార్‌కి అవతలికి వాలితే అటు లాగుతుంది, సైడ్‌కార్ వైపుకి వాలితే ఇటు లాగుతుంది. ఫుల్ లోడ్‌లో మీ అబ్బాయి, సామాను కలిసి వెనక షాక్‌ని ఒక 35 ఎంఎం నొక్కేశాయనుకుందాం, అది ఒకటిన్నర డిగ్రీల దాకా బయటి వాలు. మీ ఆవిడ కూర్చుంటే సైడ్‌కార్ స్ప్రింగ్ కూడా ఒక 15 ఎంఎం దిగుతుంది, అది ముప్పావు డిగ్రీ దాకా ఇటు వైపుకి లాక్కొస్తుంది. ఇద్దరూ కొట్టేసుకోగా ఇంకా ముప్పావు డిగ్రీ బయటి వాలు మిగిలిపోయింది, అందుకే అవతలికి లాగింది. తర్వాత మాక్సిమం గాలి కొట్టి ఒక్కరే ఎక్కారు, మీ ఒక్కరి బరువుకి అంత గాలి అక్కర్లేదు కాబట్టి వెనక భాగం సెట్ చేసిన ఎత్తు కంటే 25, 30 ఎంఎం పైకి లేచి నిలబడింది, ఉన్న బయటి వాలు మొత్తం పోయి సైడ్‌కార్ వైపుకి ఒరిగింది, ఇటు లాగింది. ఫిట్టరు తప్పేం లేదు, షాక్‌లు పాడైపోలేదు, ఒకే గాలితో రెండు రకాల బరువులు నడపాలని చూశారు మీరు, అంతే.

మరి మాన్యువల్‌లో టేబుల్ ఇచ్చారు కదా, ఒక్కరికి ఇంత, ఇద్దరికి ఇంత అని, అది పెడితే పోలేదా అంటారేమో. అది సైడ్‌కార్ లేని బండికి రాసింది. అసలు చాలా కంపెనీల మాన్యువల్స్‌లో సైడ్‌కార్ తగిలించొద్దనే రాసి ఉంటుంది, కాబట్టి సైడ్‌కార్ బండికి టేబుల్ ఎక్కడి నుంచి వస్తుంది. సైడ్‌కార్ బరువు మొత్తం దాని చక్రం మీదే ఉండదు, బిగించిన క్లాంపుల ద్వారా కొంత భాగం బండి మీద కూడా పడుతుంది, అంటే మీరు ఎక్కకముందే వెనక షాక్‌లు కొంత మోస్తున్నాయన్నమాట. అందుకే సైడ్‌కార్ బండ్లకి ఒక్కరు నడిపేటప్పుడు కూడా మాన్యువల్ చెప్పిన దానికంటే కాస్త ఎక్కువే కావాల్సి వస్తుంది మామూలుగా.

ఇంకో తిరకాసు ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. కొన్ని మాన్యువల్స్‌లో సెంటర్ స్టాండ్ వేసి ప్రెషర్ చూడమంటారు, అంటే వెనక చక్రం గాల్లో, షాక్ పూర్తిగా సాగి ఉన్నప్పుడు. సైడ్‌కార్ ఉన్నాక సెంటర్ స్టాండ్ వేసే అవకాశం దాదాపు ఉండదు, చక్రం నేల మీదే ఉంటుంది, షాక్ కొంత నొక్కుకుని ఉంటుంది. గాలి అంతే ఉన్నా లోపల జాగా తగ్గింది కాబట్టి గేజ్ ఎక్కువ చూపిస్తుంది. ఉదాహరణకి పూర్తిగా సాగినప్పుడు 30 పీఎస్ఐ ఉంది, నేల మీద పెడితే లోపలి జాగా ఆరో వంతు తగ్గింది అనుకుంటే గేజ్ మీద అది 39 దగ్గర కనిపిస్తుంది. ఒక్క పీఎస్ఐ గాలి కూడా మీరు కొట్టలేదు! (గేజ్ సున్నా చూపించినప్పుడు కూడా లోపల బయటి వాతావరణం అంత, అంటే 14.7 పీఎస్ఐ ఉంటుంది, ఈ లెక్కలన్నీ దాన్ని కలుపుకునే చెయ్యాలి.) కాబట్టి ఎప్పుడు చూసినా ఒకే పరిస్థితిలో చూడండి: బండి చల్లగా ఉండాలి, సమంగా ఉన్న నేల మీద ఉండాలి, మీద ఎవరూ కూర్చోకూడదు, పెట్టెలు ఖాళీగా ఉండాలి. అప్పుడే నిన్నటి రీడింగ్‌ని ఇవాల్టి రీడింగ్‌తో పోల్చుకోవచ్చు.

సరే, ఇప్పుడు పనిలోకి దిగుదాం. ముందు షాక్‌ల జోలికి పోకుండా టైర్లలో గాలి చూడండి, మూడింటికీ. టైర్ గాలి వేరు, షాక్ గాలి వేరు, కానీ వెనక టైర్లో గాలి తక్కువుంటే ఆ ఎత్తు తేడా అంతా మనం షాక్ మీద వేసేస్తాం. తర్వాత సైడ్‌కార్ క్లాంపులు, బోల్టులు అన్నీ ఒకసారి స్పానర్ పెట్టి చూడండి. ఉన్నట్టుండి బండి వాలు మారిందంటే గాలి కంటే ముందు అనుమానించాల్సింది జారిన క్లాంపునే, ఇది గాలితో సరిచేసుకుంటూ పోతే ఒక రోజు రోడ్డు మీద పెద్ద ప్రమాదమే అవుతుంది.

ఆ తర్వాత ఎత్తు కొలవడానికి రెండు గుర్తులు పెట్టుకోండి. వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) మధ్య బిందువు ఒకటి, దానికి సరిగ్గా నిలువుగా పైన ఫ్రేమ్ మీదో పెట్టె బ్రాకెట్ మీదో కదలని చోట టేప్ ముక్క ఒకటి. ఈ రెంటి మధ్య దూరమే మనకి కావాల్సింది. సైడ్‌కార్ చక్రం దగ్గర కూడా ఇలాగే ఇంకో జత గుర్తులు పెట్టండి, తర్వాత పనికొస్తుంది. ముందుగా వెనక చక్రం పూర్తిగా వేలాడినప్పటి దూరం కావాలి, దానికోసం ముందు చక్రానికి, సైడ్‌కార్ చక్రానికి అటూ ఇటూ చెక్కలు అడ్డం పెట్టి ఫ్రేమ్ కింద జాకీ పెట్టి వెనక్కి లేపండి. జాకీ స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) కింద పెట్టకండి, పెడితే షాక్ సాగదు, కొలతే తప్పు. ఈ పని ఒక్కరే చెయ్యకండి, ఒకరు బండి పట్టుకోవాలి, ఒకరు కొలవాలి.

కిందికి దించాక మీరు మామూలుగా వేసుకునే జాకెట్టు, హెల్మెట్‌తో సహా ఎక్కి కూర్చోండి, కాళ్ళు ఫుట్‌రెస్ట్‌ల మీద, సైడ్‌కార్ ఉంది కాబట్టి బండి పడిపోదు, ఇది ఒక్కటే మనకి మామూలు బండి వాళ్ళ కంటే సుఖం. ఎవరైనా వెనక సీటుని కిందికి నొక్కి మెల్లగా వదలాలి, అప్పుడు కొలవాలి, తర్వాత వెనక భాగాన్ని కొంచెం పైకి లేపి మెల్లగా వదిలి మళ్ళీ కొలవాలి. రెండు కొలతలు ఒకటి కావు, సీళ్ళు, బుష్‌లు పట్టేయడం వల్ల కొన్ని ఎంఎం తేడా వస్తుంది, రెంటి మధ్య అంకె తీసుకోండి. తేడా మరీ ఎక్కువుంటే మాత్రం లింకేజీయో (షాక్‌ని చక్రంతో కలిపే కీళ్ళు) స్వింగార్మ్ బేరింగో గ్రీజు అడుగుతోందని అర్థం.

వేలాడినప్పటి దూరంలోంచి ఈ దూరం తీసేస్తే మీ బరువుకి షాక్ ఎంత కుంగిందో వస్తుంది. మొత్తం ప్రయాణం 100 ఎంఎం ఉండే వెనక సస్పెన్షన్‌కి 30 నుంచి 35 ఎంఎం దాకా కుంగితే బాగున్నట్టు. అంతకంటే ఎక్కువ కుంగితే గుంతల్లో మిగిలిన ప్రయాణం చాలదు, ధన్‌మని కొడుతుంది. తక్కువ కుంగితే గుంతలోకి చక్రం దిగడానికి కిందికి సాగే మిగులు లేక నేలని వదిలేస్తుంది, మీరు చెప్పిన ఎగిరెగిరి పడటం ఇదే. తక్కువ గాలి నుంచి మొదలుపెట్టి నాలుగైదు పీఎస్ఐ చొప్పున పెంచుకుంటూ, పెంచినప్పుడల్లా దిగి, మళ్ళీ ఎక్కి, కొలుస్తూ రండి. విసుగొచ్చే పనే, కానీ ఒక్కసారి చేసేదే కదా.

మీకు కావాల్సిన ఎత్తు దొరికింది, ఆ యాక్సిల్ గుర్తు నుంచి టేప్ గుర్తు దాకా ఎన్ని ఎంఎం ఉందో రాసుకోండి. ఇదే మీ బండి అసలు అంకె. అలైన్‌మెంట్ ఈ ఎత్తులోనే ఉండాలి, అంటే ఫిట్టరు చేసినప్పటి ఎత్తు వేరే అయితే మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళి ఈ ఎత్తు పెట్టి వాలు, టో-ఇన్ ఇంకోసారి చూపించుకోండి. టో-ఇన్ అంటే సైడ్‌కార్ చక్రం ముందు వైపు కాస్త బండి వైపుకి తిరిగి ఉండటం, మామూలుగా 12 నుంచి 25 ఎంఎం మధ్యలో పెడతారు, దీని మీద గాలి ప్రభావం పెద్దగా ఉండదు కాబట్టి ఇక దాని ఊసు వదిలేద్దాం.

ఇక్కడి నుంచి పని తేలిక. మీరు ప్లస్ అబ్బాయి ఎక్కండి, పెట్టెల్లో సామాను పెట్టండి, మీ ఆవిడని సైడ్‌కార్‌లో కూర్చోమనండి, ఆవిడ నవ్వుకున్నా పర్లేదు. ఎత్తు కొలవండి, ఎన్ని ఎంఎం తగ్గిందో చూడండి, అందరూ దిగి గాలి కొట్టండి, మళ్ళీ ఎక్కండి. మొదట పెట్టుకున్న ఎత్తు వచ్చేదాకా. వచ్చిందా, అందరినీ దించి, సామాను తీసేసి, ఖాళీ బండి మీద గేజ్ ఎంత చూపిస్తుందో రాసుకోండి, ఫుల్ లోడ్ నంబర్ అది. ఇలాగే మీరు ఒక్కరే, మీరు ప్లస్ సైడ్‌కార్‌లో ఒకరు, మీరు ప్లస్ వెనక ఒకరు, నాలుగు నంబర్లు చిన్న కాగితం మీద రాసి సీటు కింద అతికించేస్తే ఇక ప్రతిసారీ టేపు పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

వీటిలో సైడ్‌కార్‌లో మాత్రమే ఒకరున్న కేసు కొంచెం పేచీ. అప్పుడు బండి వెనక పెద్దగా కుంగలేదు, దిగింది ముఖ్యంగా సైడ్‌కారే, 20 ఎంఎం దిగితే ఒక డిగ్రీకి కాస్త తక్కువగా సైడ్‌కార్ వైపు ఒరిగినట్టు. దీన్ని సరిచెయ్యడానికి వెనక షాక్‌లో గాలి దించేవాళ్ళు ఉన్నారు, వెనక కూడా కుంగితే వాలు మళ్ళీ సమం అవుతుంది కదా అని. మూడు నాలుగు పీఎస్ఐ దాకా అయితే సరే. అంతకు మించి దించితే వాలు కుదురుతుంది గానీ గుంతల్లో కొట్టుడు మళ్ళీ మొదలవుతుంది. దీనికి సరైన మందు సైడ్‌కార్ సొంత స్ప్రింగే, దాని ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి పెట్టే సెట్టింగ్) పెంచుకోవడం, లేదా దానికి గట్టి స్ప్రింగ్ వేయించడం. వాలు చూడటానికి ఫోన్లో కోణం చూపించే యాప్ ఉంటే చాలు, వెనక బ్రేక్ డిస్క్ లాంటి నిటారు చోట ఆనించి చూడొచ్చు. ఎప్పుడూ అదే చోట ఆనించండి.

ఇంకొందరు రోడ్డు వాలుని కూడా షాక్ గాలితోనే సరిచేయాలని చూస్తారు, అంటే రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండి అంచుకి జారుగా ఉంటే బండి అంచు వైపు లాగుతుంది కదా, దానికి. నా మాట వినండి, అది వద్దు. రోడ్డు పది కిలోమీటర్లకోసారి మారుతుంది, మీరు దానితో పాటు గాలి మారుస్తూ కూర్చుంటే బండి ఎత్తు ఎక్కడుందో మీకే తెలియకుండా పోతుంది. దాని కోసం కొన్ని సైడ్‌కార్లకి మోటారుతో వాలు మార్చే స్ట్రట్ (బండినీ సైడ్‌కార్‌నీ కలిపే కడ్డీ) ఉంటుంది, హ్యాండిల్ దగ్గర స్విచ్ నొక్కితే బండి అటో ఇటో ఒరుగుతుంది, అది ఉంటే హాయి. లేకపోతే కొంచెం లాగుడు భరించాల్సిందే. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు సైడ్‌కార్ వైపుకి, సైడ్‌కార్ చక్రానికి బ్రేక్ లేకుండా బండి బ్రేక్ గట్టిగా నొక్కినప్పుడు అవతలి వైపుకి లాగడం ఏ సెట్టింగ్ పెట్టినా ఎంతో కొంత ఉంటుంది, అది ఈ బండ్ల పుట్టుక లక్షణం.

ఇప్పుడు ఆ ఎగిరే సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే గాలి ఎక్కువ పెడితే ఎందుకు చెడిపోతుందో తెలిస్తే మీరే ఇక మాక్సిమం జోలికి పోరు. మామూలు ఇనుప స్ప్రింగ్ ఎంత నొక్కితే అంత నిష్పత్తిలో ఎదురు తోస్తుంది. గాలి అలా కాదు, లోపలికి వెళ్ళేకొద్దీ మొండికేస్తుంది. 30 పీఎస్ఐ ఉన్న షాక్‌లో జాగా సగానికి తగ్గితే గేజ్ లెక్కలో అది 75 దగ్గరికి వెళ్తుంది. ఈ గుణం వల్లే బరువు మీద ఫుల్‌గా కొట్టకుండా ఆపుతుంది, ఆ మేలు మీరు చూశారు కూడా. కానీ గాలి పెంచితే తోసే బలం పెరిగింది గానీ, ఆ తోపుని ఆపే నూనె డ్యాంపింగ్ పెరగలేదు, అది కంపెనీ వాళ్ళు ఎంత పెట్టారో అంతే. గాలి ప్రెషర్ స్ప్రింగ్‌ని గట్టి చేస్తుందే తప్ప డ్యాంపింగ్‌ని ముట్టుకోదు. అందుకే బలంగా తోసిన చక్రం తిరిగొచ్చేటప్పుడు పట్టుకునేవాడు లేక బంతిలా ఎగురుతుంది. మీద ముగ్గురి బరువుంటే అది కనపడదు, ఒక్కరే ఉంటే కనపడుతుంది.

సైడ్‌కార్ చక్రం తేలడం గురించి. సైడ్‌కార్ వైపుకి మలుపు తిరిగితే బరువంతా అవతలికి, బండి చక్రాల మీదికి పోతుంది, సైడ్‌కార్ తేలికవుతుంది, అది ఫిజిక్స్, గాలితో ఆగదు. గాలి మరీ తక్కువుంటే బండి అవతలి వైపుకి కుంగుతూ ముందు ఒరుగుతుంది, అప్పుడు కనీసం మీకు తెలుస్తుంది. గాలి మరీ ఎక్కువుంటే ఒరుగుడు ఉండదు, ఏ హెచ్చరికా లేకుండా చక్రం టక్కున లేస్తుంది, పైగా వెనక భాగం ఎత్తు పెరిగింది కాబట్టి మొత్తం బరువు కూడా కొంచెం పైకి వెళ్ళింది. సైడ్‌కార్ ఖాళీగా వెళ్ళేటప్పుడు దాంట్లో వీలైనంత కిందగా, చక్రం వైపుకి జరిపి ఇసుక సంచులో ఇంకేదైనా బరువో గట్టిగా కట్టి పెట్టుకోండి, తేలడానికి అసలు మందు ఇదే, షాక్ గాలి కాదు. గాలి మార్చిన ప్రతిసారీ ముందు ఖాళీ మైదానంలో మెల్లగా రెండు వైపులా తిప్పి చూసుకుని గానీ రోడ్డెక్కకండి.

వెనక మరీ ఎత్తు చేస్తే ముందు ఫోర్క్ కాస్త నిటారుగా అవుతుంది, హ్యాండిల్ తేలికగా తిరుగుతుంది, అది బాగానే అనిపిస్తుంది, కానీ సైడ్‌కార్ బండ్లకి తక్కువ స్పీడులో హ్యాండిల్ వణికే జబ్బు ఒకటి ఉంటుంది కదా, అది ఎక్కువవ్వొచ్చు. ఇప్పటికే మీ హ్యాండిల్ వణుకుతుంటే ఎత్తు తగ్గించి చూడండి, అప్పటికీ పోకపోతే స్టీరింగ్ డ్యాంపర్ (హ్యాండిల్ వణుకుని అణిచే చిన్న షాక్ లాంటిది) వేయించుకోండి.

రెండు షాక్‌లకి వేర్వేరు ప్రెషర్ సంగతి: అక్కర్లేదు. రెండు షాక్‌లు ఒకే స్వింగార్మ్‌కి తగిలించి ఉంటాయి, ఒకవైపు ఎక్కువ పెట్టినా తక్కువ పెట్టినా చక్రానికి అందేది రెంటి మొత్తమే, సైడ్‌కార్ వైపు గట్టి చేశాం కాబట్టి ఆ వైపు నిలబడుతుంది అనుకోవడం ఒట్టి భ్రమ. చాలా బండ్లలో రెండింటికీ ఒకే ట్యూబు, ఒకే వాల్వు పెట్టేది అందుకే. హోండా వాళ్ళ గోల్డ్ వింగ్ జీఎల్1500 అయితే ఇంకా తమాషా, 1988లో వచ్చిన ఈ బండిలో వెనక కుడి షాక్‌కి మాత్రమే గాలి, ఎడమది ఉత్త స్ప్రింగ్ షాకే, అయినా ఏళ్ళ తరబడి జనం దాని మీద తిరిగారు, ఇప్పటికీ తిరుగుతున్నారు. 2001లో వచ్చిన జీఎల్1800కి వచ్చేసరికి వెనక గాలి తీసేసి స్విచ్‌తో తిరిగే ప్రీలోడ్ పెట్టారు. అలాంటి బండికి సైడ్‌కార్ తగిలించినవాళ్ళు కూడా పైన చెప్పిన ఎత్తు పద్ధతే వాడుకోవచ్చు, పీఎస్ఐ బదులు డిస్‌ప్లే మీద అంకె రాసుకోవాలి, అంతే తేడా.

లీకేజీ భయం: పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ, మర్నాడు పొద్దున మళ్ళీ మొదటి అంకెకే వచ్చిందంటే అది లీక్ కాదు, వేడి. 20 డిగ్రీల చల్లదనంలో 30 పీఎస్ఐ ఉన్న గాలి, ఎండకి, గతుకుల్లో పనిచేసి షాక్ 50 డిగ్రీలకి వేడెక్కితే 34న్నర దాకా చూపిస్తుంది. అందుకే ఆ వేడి మీద ఎక్కువైందని గాలి దించేయకండి, దించితే మర్నాడు పొద్దున బండి కుంగి కూర్చుంటుంది. నిజమైన లీకైతే రోజూ పొద్దున అదే వేళకి చూసినా అంకె దిగుతూనే పోతుంది. అప్పుడు సబ్బు నురగ పెట్టి వాల్వ్ పిన్, ట్యూబు జాయింట్లు చూడండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది, చిన్న ఓ-రింగు మారిస్తే పోతుంది. షాక్ రాడ్డు చుట్టూ నూనె తడి కనిపిస్తే మాత్రం లోపలి సీలు పోయినట్టు, దానికి గాలి కొడుతూ కాలక్షేపం చెయ్యకండి, నూనె పోతే డ్యాంపింగ్ కూడా పోతుంది.

గేజ్ గురించి ఒక ముక్క. షాక్‌లో జాగా చాలా తక్కువ, టైర్‌తో పోలిస్తే లెక్కలోకే రాదు, కాబట్టి బయటి గేజ్ పెట్టిన ప్రతిసారీ దాని ట్యూబు నిండడానికే కొన్ని పీఎస్ఐ పోతాయి. నిన్న 30 పెట్టాను ఇవాళ గేజ్ పెడితే 26 ఉంది అని కంగారుపడతారు, ఆ నాలుగూ గేజ్‌లోకే వెళ్ళాయి. బండిలోనే కంప్రెసర్, గేజ్ ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు, మీకు ఉంది కాబట్టి దాన్నే వాడండి, బ్యాటరీ బాగుందో లేదో మాత్రం చూసుకోండి. దానికి తేమ పీల్చుకునే డ్రయ్యర్ ఉంటే అందులోని గుళికలు తడిసి రంగు మారాయేమో కూడా చూడండి, లేకపోతే గాలితో పాటు నీటి చెమ్మ షాక్‌లోకి పోతుంది. కంప్రెసర్ లేని బండ్లవాళ్ళు చేతి పంపు వాడాలి, సైకిల్ సస్పెన్షన్ కోసం అమ్మే చిన్న పంపులు చక్కగా సరిపోతాయి, కాకపోతే 300 పీఎస్ఐ దాకా గీతలున్న గేజ్ మీద 20కీ 25కీ తేడా కనపడదు, తక్కువ రేంజ్ గేజ్ ఉన్నది చూసుకోండి. టైర్లకి గాలి కొట్టే పెద్ద కంప్రెసర్ గొట్టం మాత్రం షాక్ వాల్వ్ దగ్గరికి కూడా రానివ్వకండి, దానిలో 100 పీఎస్ఐ పైనే ఉంటుంది, ఇంత చిన్న జాగాలోకి కన్ను మూసి తెరిచేలోగా నిండిపోయి సీలు ఎగిరిపోతుంది.

చివరిగా, మీ ఫుల్ లోడ్ కొలతలు తీశాక మాక్సిమం ప్రెషర్ దగ్గర కూడా అసలు ఎత్తు రాకపోతే ఇంకా కొట్టకండి. అప్పుడు లోపలి ఇనుప స్ప్రింగు అలిసిపోయిందన్నా అయ్యుండాలి, లేదా బండి మొయ్యగలిగిన దానికంటే ఎక్కువ బరువన్నా వేస్తూ ఉండాలి. మాన్యువల్‌లో మొత్తం బరువు పరిమితి, వెనక టైరు మీద రాసిన లోడ్ నంబర్ రెండూ చూసుకోండి. బరువు పరిమితి లోపలే ఉంటే సైడ్‌కార్ బరువు చెప్పి గట్టి స్ప్రింగుతో, రీబౌండ్ డ్యాంపింగ్ (షాక్ తిరిగి సాగేటప్పుడు పట్టి ఆపేది) మార్చుకునే వీలున్న షాక్‌ల జత వేయించుకోండి. అవి వేశాక పాత నాలుగు నంబర్లూ చెల్లవు, ఎత్తు కొలత మాత్రం అదే ఉంటుంది, దాన్ని పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి రాసుకోవాలి.